తోటాయన సచ్చిపోయిన ఆదివారం

రమాకాంత్ నన్ను మోసం చేసిండని నేను ఎవ్వరితోని అనలే. మోసం చేసినోని మీద కోపం ఎన్నడో ఒకనాడు చల్లారుతది. రమాకాంత్ నన్ను ఒక్క మాట అడిగిండు, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పిన. అడిగినందుకు ఆయన మీద, చెప్పినందుకు నా మీద. ఈ కోపం చల్లారే రకం కాదు.

మొన్నటి యాసంగి మాట ఇది. మిర్చి మొదటి ఏరుడు నడుస్తాంది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మా ఊరికి వచ్చే తొవ్వ పక్కనే మా చెలక. పది మంది ఆడోళ్ళు సాళ్ళల్ల వంగి కాయ ఏరుతాండ్రు, నేను ఏరిన కాయను కల్లంల పరుస్తాన్న. తొవ్వ మీద తెల్ల కారు ఆగింది. దిగినాయన ప్యాంటు మోకాళ్ళ దాక మడుచుకొని, చెప్పులు చేత పట్టుకొని, ఒక్క కొమ్మకు తగలకుంట సాళ్ళల్లకెల్లి నడుచుకుంట వచ్చిండు. చదువుకున్నోళ్ళల్ల అట్ల నడిచెటోడు మా ఊరికి ఒక్కడే, రమాకాంత్.

వాళ్ళ నాయిన రాజేశ్వర్ రావు దొర. మా బాపు కట్టయ్య ఆయన దగ్గర పన్నెండేండ్లు జీతమున్నడు. రమాకాంత్ ఇప్పుడు వరంగల్‌ల కాలేజీ లెక్చరర్. నాకన్న ఒక ఏడాది పెద్ద. దొర పోయినంక ఊరికి రాకడ తగ్గింది.

"ఏం సమ్మయ్యా, కాయ మంచిగ దిగిందా?"

"తామర పురుగు జర సతాయించింది సారూ. అయినా నడుస్తది."

"సారేందిరా. పేరు వెట్టి పిలువు."

చిన్నప్పుడు కూడ గిట్లనే అనేటోడు. టీవీ ముంగట కూసున్నంత సేపు నేను ఆయనను పేరు పెట్టి పిలిచేది. టీవీ బందయి గడప దాటంగనే చిన్నదొరా అనేది. ఆ లెక్క మాకిద్దరికి తెలుసు, ఎవ్వరు నేర్పలే.

గోనెసంచి మీద కూసొని, పండు మిరపకాయ ఒకటి చేతిల తిప్పుకుంట, వచ్చిన పని చెప్పిండు.

"ఈ చెలక ఆన్‌లైన్ పట్టాల మా నాయిన పేరు మీదికెల్లి నా పేరు మీదికి వచ్చిందిరా. తొవ్వ పెద్దగైతాంది, అడిగెటోళ్ళు అడుగుతాండ్రు. మీ దగ్గర రిజిస్ట్రేషన్ కాని సాదా కాగితం ఉన్నదంటరు. పెద్దమనుషులల్ల పెడదాం. కాగితం నిలబడితే నేను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చి నీ పేరు మీద సంతకం పెడత. నిలబడకపోతే నువ్వు నాకు వదిలెయ్యాలె. నడుమ కోర్టులు ఎందుకు?"

నాకు గుండె మీది రాయి దిగినట్టయింది. బాపు పోయి పద్దెనిమిదేండ్లు. ఈ మాట ఎవ్వరో ఒకరు అడుగుతరని, అడిగినోడు నిజం తెలిసినోడై ఉండాలని నేను దేవునికి మొక్కని రోజు లేదు. ఆ కాగితం రాసిన నాడు రమాకాంత్ అదే అర్రల, నా పక్కకు, నా భుజానికి భుజం తాకిచ్చి కూసున్నడు. ఇంకేం గావాలె?

"పెడదాం" అన్న.

"ఇంకోటి" అని ఫోను తీసిండు. "ఓడ దొరికింది."

జర సేపు నాకు సమజ్ కాలే. తెర మీద నల్లటి ఆకాశంల వంకర ఓడ ఒకటి, పొగ చిమ్ముకుంట, ఎడమకెల్లి కుడికి పోతాంది. ఆ పాట. పాట గాదు, గంట మోతల వంటిది. ముప్పై ఏడేండ్లకు మళ్ళ విన్న.

"మొదటి సీజను మొత్తం ఉన్నదిరా. పదమూడు భాగాలు."

ఆ సీరియల్ అసలు పేరు ఇంగ్లిషుల ఏదో ఉండె. మేం ఓడ అనే అన్నం. ఊరికి మొదటి టీవీ దొర ఇంటికే వచ్చింది. ఆదివారం పొద్దుగాల దేవుని సీరియల్ వస్తే ఊరంత వచ్చేది, హారతులు పట్టేది, టెంకాయలు కొట్టేది. అది అయిపోంగనే చాపలు దులుపుకొని పోయేది. దాని వెనుక వచ్చే ఓడకు మిగిలేది మేమిద్దరమే. నాకు ఇంగ్లిషు రాదు. రమాకాంత్ హన్మకొండల ఇంగ్లిషు మీడియం, శనివారం ఇంటికి వచ్చేటోడు. ఆయన చెప్పేది, నేను వినేది.

నేల పోయినోళ్ళ కథ అది. వాళ్ళ భూమి ఎట్లనో పాడయింది. మిగిలినోళ్ళు ఓడ ఎక్కి చుక్కల నడుమ ఇంకో నేల దేవులాడుకుంట పోతరు. వారానికి ఒక నేల దొరుకుతది. దిగుతరు, డేరాలు ఏస్తరు, నవ్వుతరు. ఆఖరుకు ఏదో ఒకటి. ఒక కాడ నీళ్ళు విషం. ఒక కాడ ఇద్దరు సూర్యులు, రాత్రే లేదు. ఇంకో కాడ నేల మంచిదే, ఆల్రెడీ ఎవలదో. మళ్ళ ఓడ ఎక్కుడే. ఓడల ఒక అద్దాల అర్ర ఉండేది, అండ్ల చెట్లు. వాటికి నీళ్ళు పెట్టే ముసలాయనకు ఒక కన్ను మెల్ల. మేం తోటాయన అనేది. తుపాకులోళ్ళు, నడిపెటోళ్ళు మస్తుమంది ఉండిరి గని నాకు తోటాయననే ఇష్టం. ఎందుకంటే బాపు లెక్కనే నడుము మీద చెయ్యి ఆనిచ్చి లేచేటోడు.

ఆనాడు చెలక కాడ ఇద్దరం ఫోను మీదికి తలలు వంచి ఒక భాగం మొత్తం చూసినం. ఏరే ఆడోళ్ళు నవ్విండ్రు. మా ఆవిడ శోభారాణి గంప దించి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"కాయ మీదికి మబ్బు వస్తాంటే, యాభై ఏండ్ల పోరలిద్దరు సినిమా చూస్తాండ్రు."

"సినిమా గాదు వదినా, సీరియల్" అన్నడు రమాకాంత్.

"ఏదైతేంది. సారు వచ్చి కిందకూసుంటే నాకు భయమైతాంది."

ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలే.

పోయేటప్పుడు అడిగిండు. మామూలుగనే అడిగిండు, చెప్పులల్ల మట్టి దులుపుకుంట. "ఆఖరు భాగం వచ్చిన ఆదివారం నీకు యాదికుందారా?"

"ఎందుకుండదు? తోటాయన సచ్చిపోయిన ఆదివారం. ఆనాడే గద మన కాగితం రాసుకున్నది."

ఆయన చెప్పు దులుపుడు ఆగింది. "నిజంగ ఆనాడేనా?"

"అగ్గో. నీ పక్కకే ఉంటిని."

"ఓ" అన్నడు. పెన్‌డ్రైవ్ నా చేతిల పెట్టి పోయిండు. బిడ్డ తేజస్వికి ఇయ్యి, కింద తెలుగుల అక్షరాలు వస్తయి అన్నడు.

పెద్దమనుషులు రెండో ఏరుడు అయినంక కూసున్నరు. పాల కేంద్రంల, క్యాన్లు అటు పక్కకు జరిపి కుర్చీలు ఏసిండ్రు. పెద్దమనిషి రాజమౌళి మామ. ఆయన ఒకప్పుడు సర్పంచ్, మాట మీద నిలబడేటోడు, నాయం తప్పడని పేరు. కూసోకముందే ఒప్పుకోలు రాసిండ్రు. కాగితం నిలబడితే రమాకాంత్ సంతకం పెట్టాలె, నిలబడకపోతే సమ్మయ్య చెలక వదలాలె. ఇద్దరం సంతకాలు పెట్టినం. నేను ఏడో తరగతి దాక చదివినోన్ని, సంతకం మంచిగనే చేస్త. ఆనాడు ఇంకా మంచిగ చేసిన.

బాపు కాగితం ప్లాస్టిక్ కవర్లకెల్లి తీసి ఇచ్చిన. పాత బాండు పేపరు, మడతల కాడ తెల్లగైంది. రాజమౌళి మామ కండ్లద్దాలు పెట్టుకొని గట్టిగ చదివిండు. పన్నెండేండ్ల జీతం బాకీ కింద, జత ఎడ్ల కింద, ఈ చెలకను కట్టయ్యకు ఇచ్చినట్టు. హద్దులు. దొర సంతకం. రాసినోడు గుమాస్తా గుండయ్య. తారీకు పన్నెండు, ఐదు, ఎనభై ఆరు.

"సంతకం మా నాయినదే" అన్నడు రమాకాంత్. "నేను కాదనను."

నేను శోభారాణి దిక్కు చూసిన. దర్వాజ కాడ నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సమ్మయ్యా, ఇది రాసిన నాడు నువ్వు అక్కడ ఉన్నవా?" రమాకాంతే అడిగిండు.

"ఉన్న. నువ్వు ఉంటివి."

"నేను టీవీ దిక్కు చూస్తాన్న. ఇటు దిక్కు చూడలే." అందరి దిక్కు చూసి నవ్విండు. "గని వీనికి చిన్నప్పటి నుంచి యాది పక్కా ఉంటది. నేను హన్మకొండకు పోకముందు ఊరి బడిల లెక్కలు నాకన్న వీనికే వచ్చేది. చదివిస్తే వీడే లెక్చరర్ అయ్యేటోడు. ఆనాడు టీవీల ఏం వచ్చిందిరా?"

పదిమంది ముంగట నన్ను అట్ల అన్నోడు ఇంతకుముందు ఎవ్వడు లేడు. బడి మానేసినోనికి సర్టిఫికెట్ ఉండదు. యాదే సర్టిఫికెట్. నేను చెప్పిన. మొత్తం చెప్పిన. దేవుని సీరియల్ అయిపోయి ఊరంత లేచిపోయింది, ఓడ మొదలైంది, ఆఖరు భాగం. అప్పుడే బాపు కాళ్ళు కడుక్కొని వచ్చిండు. దొర లోపటికి రమ్మన్నడు, ఎన్నడు రమ్మనలే. బాపు చాప అంచుకు కూసున్నడు. గుండయ్య రాస్తాంటే బాపు అటు చూడక టీవీ దిక్కే చూసిండు. ఓడల గాలి అయిపోతాంది, అందరికి సరిపోదు. తోటాయన తన పాలు గాలి పిల్లలకు ఇడిచిపెట్టి, కొత్త నేల మీద దిగి, ఒక మొక్క పక్కకు ఒరిగిండు. వేలిముద్ర పెట్టుమంటే బాపుకు ఇనబడలే. దొర నవ్వి, కట్టయ్యా, అది కథరా అన్నడు.

చెప్పుడు అయిపోయింది.

"రాజమౌళి మామా" అన్నడు రమాకాంత్, మెల్లగ, నా దిక్కు చూడకుంట. "మా ఇంటికి టీవీ ఎప్పుడొచ్చింది?"

రాజమౌళి మామ కండ్లద్దాలు తీసిండు. "ఎనభై ఏడు దసరాకు. నేనే బండి కట్టుకొని స్టేషన్‌కు పోయి తెచ్చిన. డబ్బా మీద చేతులు పెట్టుకొని కూసున్న, కుదుపులకు పలుగుతదని."

"కాగితం ఎనభై ఆరుది" అన్నడు రమాకాంత్. అంతే అన్నడు.

నాకు అప్పుడు సమజ్ అయింది. మా దిక్కు అందరు చేసేదే. బాండు పేపర్లు దొరల బీరువాల్ల పాతయి పడి ఉంటయి. ఎప్పుడు కొన్న బాండైతే ఆ తారీకే లోపట ఏస్తరు, లేకుంటే రెండు తారీకులు తేడా వస్తయని. గుమాస్తా అట్లనే ఏసిండు. అమ్మకం నిజం, తారీకు అబద్ధం. ఆ కాగితం నేను వెయ్యి సార్లు చదివిన. హద్దులే చదివిన. ఏడాది చూసిన గని, టీవీ పక్కకు దాన్ని పెట్టి చూడాలని నాకెప్పుడు తోచలే.

రాజమౌళి మామ నా దిక్కు వంగిండు. ఆయన నాకు తొవ్వ చూపెడుతాండని అక్కడున్న ప్రతి ఒక్కరికి తెలుసు. రమాకాంత్‌కు కూడ తెలుసు. "సమ్మయ్యా. అప్పుడు నువ్వు పిలగానివి. టీవీ ఒకనాడు చూసి ఉంటవు, కాగితం ఇంకోనాడు రాసి ఉంటరు. రెండు కలిసిపోయి ఉంటయి. యాది తప్పి ఉండొచ్చు గద?"

ఒక్క మాట. తప్పి ఉండొచ్చు మామా అంటే అయిపోయేది. నోరు తెరిచిన కూడ.

గని ఆ మాట అంటే ఆ ఆదివారం లేనట్టే. దొర ఇంట్ల బాపు చాప మీద కూసున్నది ఒక్కనాడే. నా బాపు పనిముట్టు లేకుంట, ఉత్త చేతులతోని కూసొని ఒకటి చూస్తాంటే నేను చూసింది ఒక్కనాడే. ముగింపుల ఆయన రమాకాంత్‌ను అడిగిండు: "చిన్నదొరా, ఆ ముసలాయన సచ్చిండా?" సచ్చిండు అన్నడు రమాకాంత్. బాపు అన్నడు: "అన్ని చెట్లకు నీళ్ళు పెట్టిండు. ఒక్క చెట్టు కింద కూసోకపాయె." ఆ మాట అని వేలు సిరాల ముంచిండు. ఇంటికి నడిచేటప్పుడు, నేల మనదైంది గని ఒక్కని చెయ్యి సరిపోదురా, రేపటి నుంచి బడి వద్దు అన్నడు. నా బడి పోయింది ఆ ఆదివారమే. దాన్ని నేను ఇంకో రోజుకు ఎట్ల మార్చాలె?

"తప్పలే మామా" అన్న. "ఆనాడే."

రాజమౌళి మామ కండ్లు మూసుకున్నడు. కాగితం మడిచి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, నాకే ఇచ్చిండు. "తారీకు తప్పైన కాగితాన్ని నేను నిలబెట్టలేను బిడ్డా."

ఆ రోజు ఇంట్ల పొయ్యి వెలగలే. శోభారాణి ఏడ్వలే, తిట్టలే. తిడితే బాగుండు. కల్లంల తాలు కాయ ఏరుకుంట అన్నది: "ముప్పై ఏడేండ్లు దున్నినం. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది?"

"అది అబద్ధమైతది."

"కాగితం మీద గుమాస్తా ఆడిండు, దొర ఆడిండు, ఇయ్యాల సారు టీవీ దిక్కు చూసిన్నని ఆడిండు. అందరు ఆడినంక నీకొక్కనికే నోట్లె ముల్లు గుచ్చుకుందా?"

నేను కూడ పక్కకు కూసొని తాలు కాయ ఏరిన.

హన్మకొండల వకీలు దగ్గరికి పొమ్మన్నరు. పోయిన. అన్ని చదివి, ఒప్పుకోలు కాగితం మీద సంతకం నీదేనా అన్నడు. నాదే అన్న. మొత్తం వ్యవహారంల సరైన తారీకు ఉన్నది ఆ ఒక్క కాగితం మీదనే.

రమాకాంత్ ఫోను చేసిండు. "పంట నువ్వే ఏరుకో సమ్మయ్యా. నేనట్లాంటోన్ని గాదు." అవును, ఆయన అట్లాంటోడు గాదు. అట్లాంటోడైతే నాకు సుఖంగ ఉండు. ఆ రోజు చెలకల కావాలని అడిగిండా, ఊరికెనే అడిగినదాన్ని తర్వాత వాడుకున్నడా? రాత్రి పగలు అదే తిప్పిన. ఫోను మీదికి తల వంచినప్పుడు ఆయన కండ్లల్ల నీళ్ళు చూసిన నేను. అవి దొంగ నీళ్ళు గావు. అదే నన్ను తింటాంది.

ఆఖరు ఏరుడు అయి, బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు ఏసి వచ్చిన నాడు, తేజస్వి కాలేజీ నుంచి ఇంటికి వచ్చి ఉంది. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టుకొని ఓడ చూస్తాంది. పదమూడో భాగం. నేను గడప మీద కూసున్న, లోపటికి పోబుద్ధి కాలే. చెయ్యి మీద మిరప మంట ఇంకా తగ్గలే.

"డాడీ, నువ్వు చెప్పిన తాత చచ్చిపోలేదు కదా."

"సచ్చిపోయిండు బిడ్డా."

"లేదు డాడీ, ఇగో చూడు." వెనుకకు తిప్పి ఆపింది. తోటాయన మొక్క పక్కకు ఒరిగి ఉన్నడు. కింద తెలుగు అక్షరాలు. కూడబలుక్కొని చదివిన. నన్ను ఇక్కడ వదిలి వెళ్ళండి. ఈ గాలి నాకు సరిపోతుంది. ఈ నేల నాది.

ఓడ లేచిపోయింది. ముసలాయన నడుము మీద చెయ్యి ఆనిచ్చి మెల్లగ లేచి కూసున్నడు. కూసొని మొక్క చుట్టు మట్టి సవరిచ్చిండు. అప్పుడు పాట వచ్చింది. ఆనాడు ఈ సవరిచ్చుడు మేం చూడలే. సచ్చిండు అని రమాకాంత్ అనంగనే దొర టీవీ బంద్ పెట్టిండు, వేలిముద్ర ఆలస్యమైతాందని.

రమాకాంత్‌కు కూడ అప్పుడు అంత ఇంగ్లిషు రాకపోయేదేమో. వచ్చీ రాని భాషల ఆయనకు తోచింది చెప్పిండు. నేను నమ్మిన. బాపు నమ్మిండు. ఆ నమ్మకంతోనే సచ్చిపోయిండు.

"రెండో సీజన్ల ఈ తాత మళ్ళ వస్తడట డాడీ. దొరుకుతదేమో చూడాల్నా?"

"వద్దు" అన్న.

రెండోది టీవీల వచ్చిన ఏడాది నేను చెలకల రాళ్ళు ఏరుతాన్న. ఆ రాళ్ళే పడమటి గట్టు అయినయి. నిన్న పోయి చూసిన. గట్టు ఉన్నది, చెలక నడుమ కొలిచి ఎర్రరంగు కట్టెలు పాతిండ్రు. కాగితంల హద్దులు నాకు నోటికి వస్తయి, చూడవలసిన పని లేదు. తూర్పుకు బండ్లబాట. దక్షిణానికి దొరవారి బావి. పడమటికి వాగు. ఉత్తరానికి సర్కారు పోరంబోకు. నాలుగింటి నడుమ ఎకరం ఇరవై ఆరు గుంటలు.